కువైట్ పెట్టెలో పొట్టి గౌను

 

కిందటేడు వేసవిలో ఒక ఇంటికి కృతజ్ఞతా ప్రార్థనకు వెళ్లాం. ఆ ఇంటి తల్లి నాలుగేళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చింది. రెండేళ్లకని వెళ్లిన మనిషి. అప్పు తీరలేదని ఇంకో రెండేళ్లు పొడిగించుకుంది. హాలులో అట్టపెట్టె విప్పి ఉంది. పాలపొడి డబ్బాలు, తలనొప్పి తైలం, సబ్బులు, పులిబొమ్మ దుప్పటి, ఎవరి పేరు రాసిన కవరు వారికి. కూతురి కోసం తెచ్చిన గులాబీరంగు గౌను ఆ పిల్ల తొడుక్కోబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది. పిల్లకు పదకొండేళ్లు, గౌను ఏడేళ్ల పిల్లది. "అడిగితే చెప్పేదాన్ని కదే అమ్మా" అంది అమ్మమ్మ. తల్లి ఏమీ అనలేదు. గౌను మడతపెట్టి మళ్లీ కవరులో పెట్టేసింది. రోజూ వీడియోలో చూసిన పిల్లే. ఫోనులో మొహం కనబడుతుంది గాని ఎత్తు కనబడదు కదండీ.

ఆ రాత్రి ఇంటికొచ్చి సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయం తీశాం. హన్నా గురించి ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆమె కన్నీటి ప్రార్థన గురించి చెప్పాం, మొక్కుబడి గురించి చెప్పాం. ఏటేటా ఆమె కుట్టి తీసుకెళ్లిన చిన్న అంగీ గురించి మాత్రం ఒక్కసారీ ఆగి చెప్పలేదు. తల్లి రామాలో ఉంది, బిడ్డ షిలోహులో ఉన్నాడు. ఏడాదికొకసారి చూపు. మరి అంగీ సరిపోయేలా ఎలా కుట్టింది? పోయినేటి కొలతకు ఎంత కలపాలో లెక్క వేసుకుందేమో, షిలోహుకు వెళ్లివచ్చేవాళ్లను "మా వాడు ఎంత ఎదిగాడు" అని అడిగిందేమో. వాక్యం అది చెప్పదు, ఇది మా ఊహ మాత్రమే. అదే షిలోహులో ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు తండ్రి కళ్లెదుటే ఉండి చెడిపోయారు. అందుచేత దగ్గరుంటే పెంపకం, దూరమైతే కాదు అని అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. చెప్పే హక్కు కూడా మాకు లేదు, ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాం.

మన ప్రాంతానికి ఈ ఎడబాటు కొత్త కాదు. మన ముత్తాతల కాలంలో గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి బర్మా వెళ్లేవారు. రంగూన్‌ను మన పెద్దలు "రంగం" అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలని పిలిచేవారు. మేస్త్రీ ముందుగా కొంత డబ్బు ఇంటి దగ్గర ఇచ్చి మనిషిని తీసుకుపోయేవాడు. ఆ అప్పు తీరేదాకా మనిషి అతని చేతిలో. ఇప్పటి ఏజెంటుకూ అప్పటి మేస్త్రీకీ చొక్కా ఒక్కటే తేడా అనిపిస్తుంది మాకు. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పని దగ్గర మొదలైన తగవు పెద్ద అల్లరై ఎందరో మనవాళ్లు చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక వేలాదిమంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. రానివాళ్లూ ఉన్నారు.

అయితే ఆ రోజుల్లో వెళ్లినవాడు ఎక్కువగా తండ్రి. తల్లి ఇంట్లోనే ఉండేది. పిల్లవాడికి జ్వరమొస్తే ఒళ్లు పట్టి చూసే చెయ్యి ఇంట్లో ఉండేది.

ఇక్కడ ఒక చిన్న మాట. 1836లో ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుంచి బౌడెన్, బీర్ దంపతులు బయలుదేరి మన గోదావరి డెల్టాకు సువార్త తెచ్చారని సంఘ చరిత్రలో చదువుకుంటాం. అప్పటికి సూయజ్ కాలువ లేదు, ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. ఇంటికి ఒక ఉత్తరం వెళ్లడానికే నెలలు పట్టేది. నర్సాపురంలో, పాలకొల్లులో వారు చేసిన పని మనకు తెలుసు. డెవాన్‌లో ఉండిపోయిన వాళ్ల తల్లుల సంగతి మనం ఎప్పుడూ తలుచుకోలేదు. పనికోసం దూరం వెళ్లినవారిని మిషనరీ అయితే ఒకలాగ, పనిమనిషి అయితే ఇంకొకలాగ చూడటం మనకు అలవాటైపోయింది.

కువైట్ ఇసుకలో 1938లో చమురు దొరికింది, 1946లో మొదటి ఓడ నిండింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగాక అక్కడ రోడ్లూ మేడలూ లేచాయి. మేడల్లోకి కుటుంబాలు వచ్చాక వంటకూ పిల్లలను ఎత్తుకోవడానికీ మనుషులు కావలసి వచ్చారు. ఆ పిలుపు ఒకపక్క కడపకు, ఇంకోపక్క మన గోదావరి జిల్లాలకు వచ్చింది. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, ఇటు మన తాటిపాక పేటల్లో మొదటిసారిగా తల్లి పెట్టె సర్దుకుంది, తండ్రి పిల్లలతో గుమ్మంలో నిలబడ్డాడు. మన ఇళ్లల్లో ఇంత పెద్ద మార్పు మళ్లీ రాలేదు. మన సంఘం పాత రికార్డులో మాత్రం దీని గురించి ఒక్క వాక్యం లేదు, కానుకల పద్దులో తప్ప.

1983లో వలస చట్టం వచ్చింది. పదో తరగతి పాసవ్వని స్త్రీ ఇంటిపనికి గల్ఫు వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలన్నది తర్వాత వచ్చిన నియమం. పసిపిల్లల తల్లులు వెళ్లకూడదనే మంచి ఉద్దేశం అందులో ఉంది. జరిగిందేమిటంటే, మా బాప్తిస్మపు రిజిస్టరులో ఇరవై ఆరేళ్ల సహోదరి పాస్‌పోర్టులో ముప్పై ఒకటి అయ్యింది. చంకలో పిల్ల మాత్రం అంతే ఉంది.

మేము ప్రాథమిక పాఠశాలలో చదువుకొనే రోజుల్లో మా పేటలో చదవడం వచ్చిన పెద్దవాళ్లు తక్కువ. గల్ఫు ఉత్తరం వస్తే ఎవరో ఒక మామ్మ వచ్చి "అబ్బాయ్, చదివిపెట్టు నాన్నా" అనేది. ఉత్తరాలన్నీ ఒకేలా మొదలయ్యేవి, క్షేమం, క్షేమమని తలుస్తాను. జవాబు రాసేదీ మేమే. "చిన్నోడికి కామెర్లు వచ్చినట్టు రాయకు, అక్కడ కూర్చొని ఏడుస్తాది" అనేది మామ్మ. రాసేవాళ్లం కాదు. "బడి మానేశాడని రాయకు." అదీ రాసేవాళ్లం కాదు. ఉత్తరం నిండా క్షేమమే. అటునుంచి ఆ తల్లి కూడా కాలిన చెయ్యి గురించి రాసేది కాదు. రెండువైపులా ప్రేమతోనే అబద్ధం చెప్పుకున్నారు, దానికి తొమ్మిది పదేళ్ల వయసులో మేము గుమస్తాగా పని చేశాం. ఆ పొట్టి గౌను అక్కడే కత్తిరించబడిందని ఇప్పుడనిపిస్తుంది.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద రాత్రి వార్తలకు జనం కూర్చునేవారు. మనవాళ్లు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ దేశపు అమ్మాన్ చేరుకుంటే అక్కడినుంచి మన విమానాలు తీసుకొచ్చాయి. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 488 విమానాల్లో సుమారు 1,70,000 మంది వచ్చారు. మా పేటకు ఒక తల్లి చేతిసంచితో దిగింది. చించినాడ వంతెన ఇంకా లేని రోజులు, పాలకొల్లు వైపు నుంచి వచ్చేవాళ్లు పంటు మీద గోదావరి దాటి రావాలి. వీధంతా ఎదురెళ్లింది. ఆమె చిన్న కొడుకు మాత్రం మామ్మ చీర వెనక దాక్కొని "ఎవరే ఆవిడ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తల్లి కూడా నవ్వింది. యుద్ధం ఆగాక మళ్లీ వెళ్లింది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఎవరైనా సెలవుకు వస్తుంటే వారి చేత క్యాసెట్టు పంపేవారు. తల్లి అరగంట మాట్లాడేది, మధ్యలో పాట పాడేది, చివర ప్రార్థన చేసేది. పిల్లలు దాన్ని రిబ్బను సాగిపోయేదాకా వినేవారు. ఒకామె తన కొడుకును నిద్రపుచ్చడానికి రోజూ అమ్మ క్యాసెట్టే పెట్టేది. మా దృష్టిలో ఈ నలభై ఏళ్లలో ఇంటికి ఎక్కువ మేలు చేసిన యంత్రం అదే, ఎందుకంటే బిడ్డకు కావలసినప్పుడు తల్లి గొంతు దొరికేది. ఆ తర్వాత వచ్చిన ఎస్టీడీ బూతులో ఆ సుఖం లేదు. ఎర్ర అంకెలు పరుగెడుతుంటే, వెనక లైను నిలబడి ఉంటే, పిల్లవాడు "ఆ... ఊ..." తప్ప ఏం మాట్లాడతాడు?

ఊరి కబురు అటు చేరడానికి పట్టిన సమయం చూస్తే ఈ చరిత్ర ఇంకా బాగా తెలుస్తుంది. 1995 జనవరి 8న మన పక్కనే పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకొని 65 రోజులు మండింది. రాత్రులు పగలయ్యాయి. అక్కడున్న తల్లులకు ముందు పేపరు ముక్క చేరింది, ఇంటి నుంచి "మేమంతా క్షేమం" అన్న ఉత్తరం చాలా రోజుల తర్వాత చేరింది. 1996 నవంబరు 6 తుపానులో కొబ్బరితోటలు పడుకున్నాయి, తీగలు తెగి ఫోన్లు మూగబోయాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తోటపని మీద బతికే ఇళ్లల్లో ఆ ఏళ్లలోనే పాస్‌పోర్టు మాట ఎక్కువగా విన్నాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ రోజు మేమింకా బయటికి పరుగెత్తుతుండగానే కువైట్ నుంచి ఫోన్లు మోగాయి. అక్కడ అప్పటికి తెల్లవారలేదు. "మా పిల్లలు లేచారా పాస్టరుగారండీ, కళ్లతో చూసి చెప్పండి" అన్న ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది.

ఇప్పుడు వీడియో ఉంది. కానీ గడియారం అడ్డం వచ్చింది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మన పిల్లలు చదువు ముగించి రాత్రి తొమ్మిదికి ఫోను పట్టుకుంటే అక్కడ సాయంత్రం ఆరున్నర, అరబ్బు ఇంట్లో పొయ్యి మీద పని. ఆమెకు ఖాళీ దొరికేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. నిద్రలేపిన పిల్ల విసుక్కుంటుంది, తల్లి "నన్ను మర్చిపోయింది" అనుకుంటుంది. తప్పు ఎవరిదీ కాదు.

ఇంతవరకు ఇళ్ల సంగతి చెప్పాం. మన సంఘం సంగతి కూడా చెప్పాలి. గల్ఫు కానుకతో సున్నం వేయించుకున్నాం, మైకుసెట్టు కొన్నాం, పంపిన సహోదరి పేరు చదివి చప్పట్లు కొట్టించాం. ఆమె పిల్లవాడు సండేస్కూలుకు వరుసగా మూడు నెలలు రాకపోతే ఎందుకని అడగడానికి మేము వెళ్లలేదు. ఒకసారి అలాంటి పిల్లవాడు "మా అమ్మ పంపిన కుర్చీలండి ఇవి" అని మందిరంలో కుర్చీని చూపించాడు. ఆ మాట విన్న తర్వాత తల్లి ఎందుకు వెళ్లిందని అడిగే అధికారం మాకెక్కడిది.

మరి మన ఇళ్లల్లో మామ్మలు, అమ్మమ్మలు, కొందరు తండ్రులు తమకు తాముగా నేర్చుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. అవి మంచివని చూసి తెలుసుకున్నాం గనుక రాస్తున్నాం.

మొదటిది, పిల్ల నిద్రపోతుండగా వెళ్లిపోకండి. ఏడుపు చూడలేమని చాలామంది అలాగే చేస్తారు. అలా చేసిన ఇంట్లో పిల్ల ఆ తర్వాత ఏడాదిపాటు రాత్రి నిద్రకు భయపడింది. ఎక్కడికి, ఎందుకు, ఎన్ని సంక్రాంతులు గడిచాక తిరిగి వస్తుందో కూర్చోబెట్టి చెప్పండి. "వచ్చే నెల వచ్చేస్తుంది" అని సముదాయించకండి. పిల్లలు నెలలు లెక్కపెడతారు.

కాగితాల సంగతి భర్తకో అన్నకో వదిలెయ్యకండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, యజమాని పేరు, ఫోను నంబరు, వీటి జిరాక్సులు ఇంట్లో బైబిలు పెట్టే చోటే పెట్టుకోండి. వెళ్లేదారి ప్రభుత్వ సంస్థ ద్వారానా, లేక విజిట్ వీసా మీద ఎవరో దాటిస్తున్నారా అన్నది ముందే అడగండి. రెండోదైతే ఆగిపోండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు మాత్రమే, పది లక్షల వరకు రక్షణ ఉంటుంది. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు ఉండాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అన్ని ఇళ్లల్లో అలా జరగదని మాకూ తెలుసు. కానీ హక్కు ఉందని తెలిసిన మనిషి అడగగలదు.

డబ్బంతా ఇంటికి పంపకండి. తన పేరిట బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి కొంత అందులో వేసుకోండి. ఎనిమిదేళ్లు కష్టపడి తిరిగివచ్చి, స్లాబు లేని గోడల ముందు నిలబడ్డ సహోదరిని చూశాం. ఇంతకన్నా రాయం, ఆ ఇంటివారూ ఇది చదువుతారు.

ఫోను విషయంలో పాత క్యాసెట్టు పద్ధతికి తిరిగి వెళ్లండి. అర్ధరాత్రి పిల్లను లేపేకంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పిల్ల ఉదయం జడ వేయించుకుంటూ వింటుంది, బడి నుంచి వచ్చి జవాబు చెబుతుంది. ఒక తల్లి రోజూ ఒక కీర్తన చదివి పంపుతుంది, ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఆ రోజు పాఠం అదే. పిల్లలు బుద్ధిగా వింటారు, చదివేది అమ్మ గనుక. సెలవు దొరికిన శుక్రవారం మాత్రం వీడియో. అక్కడ మనవాళ్లు ఆరాధనకు కూడుకొనేది కూడా శుక్రవారమే కాబట్టి ఆ రోజు ఆమె మనసు కొంచెం తేలిగ్గా ఉంటుంది. మాట్లాడేటప్పుడు "బాగా చదువుతున్నావా" అని అడగకండి, దానికి జవాబు "ఆ" ఒక్కటే. "ఇవాళ మామ్మ ఏం కూర వండింది, నువ్వు ఎంత వదిలేశావు" అని అడగండి.

మామ్మల గురించి ఒక మాట. తిమోతి విశ్వాసం గురించి చెప్పేటప్పుడు పౌలు తల్లి యునీకే కన్నా ముందు అవ్వ లోయి పేరు రాశాడు. మన మామ్మలకు ఆ గౌరవం ఇవ్వండి గాని, వారి మోకాళ్లు కూడా చూడండి. అరవై ఐదేళ్ల మనిషి ముగ్గురు పిల్లలకు క్యారేజీలు కట్టి, నీళ్లు మోసి, సాయంత్రం హోంవర్కు చూడలేదు. ఫోనులో పిల్ల ముందు మామ్మను కోప్పడకండి, తర్వాత ఆ పిల్ల మామ్మ మాట వినదు. ఆడపిల్ల పదేళ్లు దాటుతుంటే నెలసరి గురించి తల్లే ముందుగా చెప్పాలి, దూరంనుంచైనా సరే. మామ్మకు సిగ్గయితే మా ఇంట్లో పాస్టరమ్మగారితో మాట్లాడించండి. ఆ రోజు వచ్చాక కంగారుపడేకంటే ముందే ఒక సంచిలో కావలసినవి సర్ది పెట్టి, ఎక్కడుందో పిల్లకు చూపించడం మేలు.

తిరిగి వచ్చాక మొదటి నెల పిల్ల మామ్మ పక్కనే పడుకుంటే లాక్కోకండి. తలకు నూనె రాయండి, జడ వెయ్యండి, బడి దాకా నడిచి వెళ్లండి. దగ్గరకు తనే వస్తుంది, ఒక్కొక్కరికి పది రోజులు, ఒక్కొక్కరికి ఏడాది.

ఇక ఆ గౌను ఇంటి సంగతి. ఆ తల్లి నాలుగు నెలలుండి మళ్లీ వెళ్లింది, పెద్దవాడి కాలేజీ ఫీజు ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అమ్మమ్మ పిల్లను వంటగది గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తుంది. పక్కన తేదీ రాసేది పిల్లే. పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీస్తారు. భుజం నుంచి మోకాలి దాకా టేపుతో కొలిచి అంకె రాస్తారు. ఆ మూడూ ఫొటో తీసి పంపుతారు. మొన్న మేము వెళ్లినప్పుడు గుమ్మం మీద ఏడు గీతలున్నాయి. కింది గీతకూ పై గీతకూ మధ్య మా రెండు వేళ్లు పట్టాయి. "ఈసారి రెండు అంగుళాలు ఎక్కువ తెమ్మన్నానండి, వచ్చేలోగా ఎదుగుతాది కదా" అంది అమ్మమ్మ.